పేరు నీది, ఇల్లు ఆయనది

ఖమ్మంలో ఒక ప్రైవేటు దవాఖానాలో నేను ల్యాబ్ టెక్నీషియన్‌ని. రక్తం, మూత్రం, కళ్లె, మలం, పొద్దున లేస్తే నా చేతుల్లో తిరిగేవి ఇవే. కొత్తగా చేరిన పిల్లలు ముక్కులు మూసుకుంటారు కానీ నాకు ఏనాడూ వికారం పుట్టలేదు. మనిషి ఒంట్లోంచి వచ్చేదానికి మనిషే అసహ్యపడితే ఎలా అనుకునేదాన్ని. వికారం అంటే ఏమిటో నాకు తెలిసొచ్చింది మొన్నటి ఎండాకాలంలో, చిన్నమ్మ ఇల్లు అమ్మినప్పుడు.

చిన్నమ్మ పేరు విశ్రాంతమ్మ. మా అమ్మకు చెల్లెలు. పెళ్ళి చేసుకోలేదు. భద్రాచలం పోయే రోడ్డు మీద, అడవి మొదలయ్యే చోట రేగులపాడు అని ఒక ఊరుంది. అక్కడ నర్సుగా చేరి, ఊరందరికీ నర్సమ్మ అయి, అక్కడే రిటైరై, మొన్న క్రిస్మస్ ముందు అక్కడే కన్నుమూసింది. మా తాత చర్చి ఉపదేశిగా ఆ ఊరికి వెళ్ళిన రోజుల్లో కొన్న జాగాలో, తన జీతం కూడబెట్టి నాలుగు గదుల డాబా వేసుకుంది. అమ్మ అంతకు ముందే పోయింది కాబట్టి ఆ ఇల్లు అన్నకూ నాకూ వచ్చింది.

మా అన్న జయరాజ్ బ్యాంకులో పనిచేస్తాడు. మా విచారణ గుడిలో, అంటే మా చర్చిలో, పెద్ద కూడా. ఈస్టరుకు ముందు వచ్చే తపస్సుకాలంలో శుక్రవారం సిలువమార్గం ప్రార్థన ఆయన గొంతుతోనే నడుస్తుంది. ముసలమ్మలు ఏడుస్తారు, అంత మంచి గొంతు. భస్మ బుధవారం పూజ ముగిసి బయటికి వస్తుంటే, నుదుటి మీది బూడిద గీత చెరగకముందే నన్ను పక్కకు పిలిచాడు.

"ఏంజెలూ, రేగులపాడు ఇల్లు ఇంక ఉంచుడు వద్దు. ఖాళీగ ఉంటె ఎవడో ఒకడు జొరబడతడు. వీరబాబు అని ఒకాయన ఉన్నడు, ఆ దిక్కు ఇండ్లు జాగలు ఆయనే చూస్తడు. ఆదివారం పోదాం."

"దళారి ఎందుకన్నా? ఊళ్ళె చిన్నమ్మను ఎరిగినోళ్ళు మస్తుమంది ఉన్నరు. మనమే అడుగుదాం."

"అది ఏజెన్సీ చెల్లె. అక్కడ ఎవరి పేరు మీద పడితే వాళ్ళ పేరు మీద కాయితం కాదు, గిరిజనులకే అయితది. నీకు తెల్వదు, ఆ కిరికిరి అంత వీరబాబే చూసుకుంటడు."

నాకు నిజంగానే తెలియదు. సరేనన్నాను.

వీరబాబు తెల్లచొక్కా వేసుకుని, మెడలో లావుపాటి గొలుసుతో, బుగ్గలో గుట్కాతో వచ్చాడు. తాళం తీయగానే నాకంటే ముందు లోపలికి నడిచాడు. చిన్నమ్మ బీరువా తెరిచాడు, మూశాడు. వంటింట్లో డబ్బాల మూతలు లేపి చూశాడు. గోడను గోరుతో గీకాడు. ప్రతి గదిలోనూ కుక్కలాగా ముక్కు ఎగబీల్చాడు.

"దవాఖానా వాసన మేడమ్. ఇది పోవాలె ముందు. రెండు సార్లు సున్నం గొట్టిస్తే పోతది."

లోపలి గదిలో ఇనుప మంచం చూసి ఆగాడు. "ఇదేంది?"

"పురుళ్ళ గది. రోడ్డు గిట్ల లేని రోజుల్ల చుట్టుపక్కల తండాల ఆడోళ్ళంత కానుపుకు ఇక్కడికే వచ్చెటోళ్ళు," అన్నాను. చెప్పేటప్పుడు నాకు గర్వంగానే ఉంది.

ఆయన గడప లోపల పెట్టిన కాలు వెనక్కి తీసుకున్నాడు. "ఛీ ఛీ. కొనేటోళ్ళ ముందల ఆ ముచ్చట ఎత్తకుండ్రి మేడమ్. మైల పడ్డ ఇల్లంటరు. ఎంతమంది నెత్తురు పారిందో ఏమో ఈ బండల మీద. స్టోర్ రూమ్ అని చెప్పుండ్రి. ఆ మంచం పాత ఇనుప సామానోనికి ఏసెయ్యుండ్రి."

నేను అన్న వైపు చూశాను. అన్న కూడా అదే గదిలో పుట్టినవాడే. మా అమ్మ మొదటి కానుపు అక్కడే అయింది. ఆయన అడుగుల లెక్కన వరండా కొలుచుకుంటున్నాడు.

పెరట్లోకి వెళ్ళి వీరబాబు కరివేపాకు చెట్టు మొదట్లో ఎర్రగా ఉమ్మాడు. తర్వాత గోడ పక్కన చిన్నమ్మ కట్టించుకున్న మరియమాత గూడు చూపించి, "అదొకటి తియ్యాలె సార్. కొనేటోళ్ళు సెంటిమెంట్ పడతరు," అన్నాడు.

"తీపిస్త," అన్నాడు అన్న. అంతే. పాత నల్లా పైపు గురించి అన్నట్టు అన్నాడు.

తర్వాతి వారం చిన్నమ్మ సామాన్లు సర్దడానికి నేనొక్కదాన్నే వెళ్ళాను. బస్సు దిగిన వార్త ఎలా పాకిందో కానీ, తాళం తీసి కిటికీలు తెరిచేసరికి లాలి వచ్చింది. వాగవతలి తండా ఆమెది, ఊళ్ళో అంగన్వాడీ టీచరు. భర్త రెడ్యా కరెంటాఫీసులో లైన్‌మన్. పదో తరగతి చదువుతున్న వాళ్ళ బిడ్డ భాను ఆ ఇనుప మంచం మీదే పుట్టింది.

"అక్కా, ఇల్లు అమ్ముతున్నరట కదా?" అంది చెప్పులు విడుస్తూనే.

"అవ్ లాలీ."

"మాకియ్యి."

అలా సూటిగా అడిగేసరికి నాకు నవ్వొచ్చింది. ఆమె నవ్వలేదు. కొంగు నడుముకు దోపుకుని ఇల్లంతా తిరిగింది. నల్లాలు తిప్పింది. తలుపు చెక్క మీద వేలితో పొడిచింది.

"దీనికి చెద పట్టింది. ఈ మూలకు వానాకాలం కారుతది, నర్సమ్మ బకెట్ పెట్టేది, నేను చూసిన. మరి మీరనే ధర ఎక్కువ కాదా అక్కా?"

"నేనింకా ధరే చెప్పలే కదా."

"వీరబాబు అందరికి చెప్పుకుంట తిరుగుతున్నడు."

మధ్యాహ్నం దాకా బేరమాడింది. ఒకసారి కోపం వచ్చి గేటు దాకా వెళ్ళి, మళ్ళీ తిరిగి వచ్చింది. గట్టి మనిషి. నేనూ తగ్గలేదు. చివరికి వీరబాబు అన్న ధరకు పిసరంత తక్కువ దగ్గర ఒప్పుకుంది. దళారికి ఇచ్చేది మిగులుతుంది కాబట్టి అది మాకు నష్టం కాదు.

"మా ఆయన జీతం మీద లోను ఇస్తమన్నరు. నీ సంతకం, మీ అన్న సంతకం, మా సంతకం, అయిపోతది. మధ్యల దళారెందుకు?" అంది. తర్వాత వంటింటి గట్టు మీద అరచేత్తో నిమిరి, కొంచెం సిగ్గుపడుతూ చెప్పింది. "వాగు పొంగితె మా భాను బడికి పోదు అక్కా. అది ఒకటి. ఇంకోటి, ఈ వంటిల్లంటె నాకు పానం. నర్సమ్మ దగ్గరికి వచ్చినప్పుడల్ల చూసేదాన్ని. నిలబడి వండుకోవచ్చు."

ఆమె వెళ్ళాక పక్కింటి మంగమ్మ చెంబులో మజ్జిగ పట్టుకొచ్చింది. కిరాణా కొట్టు వాళ్ళు, మైదాన ఊళ్ళ నుంచి వచ్చి ఆ రోడ్డు వరసలో స్థిరపడిన పాత కుటుంబం. నేను తాగుతుంటే ఎదురుగా కూర్చుంది.

"ఆ లంబాడామెకు ఇస్తున్నరా ఏంది?"

"అడిగింది. ఇయ్యొచ్చు."

"వద్దమ్మా. మా వరసంత మర్యాదస్తులం ఉన్నం. ఒక్కలు వస్తే ఎనక తండా మొత్తం దిగుతది. మీ చిన్నమ్మ ఎంత మంచిది! దేవత. ఆమె ఉన్న ఇంట్ల..."

ఆ దేవత ఈ ఊరికి కొత్తగా వచ్చినప్పుడు ఈ మంగమ్మ వాళ్ళ అత్త దాహానికి గ్లాసు ఇవ్వలేదు. దోసిలి పట్టించి, మీది నుంచి నీళ్ళు పోసింది. ఆ మాట చిన్నమ్మ మాకు నవ్వుతూ చెప్పేది. నేనూ అన్నా పక్కపక్కన కూర్చునే విన్నాం. చెంబు కింద పెట్టి, కడుపు నిండిందన్నాను.

లాలి సంగతి ఫోన్లో చెబితే అన్న అవుననలేదు, కాదనలేదు. కొన్నాళ్ళకు తనే చేశాడు. "వీరబాబు మంచి పార్టీని తెచ్చిండు. ఈ ఆదివారం కూసుందాం. లాలినీ, ఆమె పెనిమిటినీ గూడ రమ్మన్న. అందరికి మంచిగయ్యే తొవ్వ దొరికింది."

నేను సంతోషపడ్డాను. లాలిని పిలిచాడంటే ఇల్లు ఆమెకేనని అనుకున్నాను.

మిర్చి లారీలు ఖమ్మం వైపు దుమ్ము లేపుకుంటూ పోతున్న ఎండ. చిన్నమ్మ ముందు గదిలో వీరబాబు కుర్చీలు వేయించాడు. ఫ్యాను కింది కుర్చీలో పగిడయ్య అనే కాంట్రాక్టర్ కూర్చుని, అగ్గిపుల్లతో పళ్ళు కుట్టుకుంటున్నాడు. కుట్టుకున్నాక ఆ పుల్లను జేబులో దాచుకున్నాడు. భద్రాచలం యాత్రికుల కోసం రోడ్డు మీద లాడ్జి కట్టాలని ఆయన ఆలోచన.

లాలి, రెడ్యా వచ్చారు. లాలి కొత్త చీర కట్టుకుంది. చేతిలో మిఠాయి డబ్బా ఉంది. లోపలి కుర్చీలు నిండటంతో వీరబాబు వాళ్ళను గుమ్మం దగ్గరి బెంచీ మీద కూర్చోమన్నాడు. డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూర్చుందామె.

"లాలీ, నీకు మంచి రోజులొచ్చినయ్," అని మొదలుపెట్టాడు వీరబాబు. "ఈ ఇంటి కాయితం నీ పేరు మీదనే అయితది."

లాలి నా వైపు చూసి నవ్వింది.

"అయితె చిన్న ముచ్చట ఉన్నది. ఇల్లు తీసుకునేది పగిడయ్య సారు. సారు పేరు మీద ఇక్కడ కాదు కదా, అందుకని పేరు నీది, ఇల్లు ఆయనది. సంతకానికి నీకు ఊకెనే కాదు, మంచిగ ముట్టజెప్తడు. లాడ్జి లేచినంక ఎనక ఒక రేకుల షెడ్డు ఏస్తడు. అండ్ల ఉండి, ఊడ్చుకుంట, కనిపెట్టుకుంట ఉండుండ్రి. కిరాయి గూడ లేదు."

లాలి నవ్వు వెంటనే పోలేదు. ఎక్కడ పెట్టాలో తెలియని వస్తువులాగా కొంతసేపు ముఖం మీదే ఉండిపోయింది.

"మా లోను మంజూరైంది సార్," అంది అన్నతో. "అక్క చెప్పిన ధరకే కొంటమన్నం కదా."

అన్న గొంతు సవరించుకున్నాడు. అదే మంచి గొంతు. "నువ్వు కొనద్దని కాదమ్మా. వరసల ఉన్నోళ్ళు గూడ ఒప్పుకోవాలె కదా. రేపు మీ వాళ్ళు వచ్చిపోతుంటరు, మేకలు, కోళ్ళు, తాగుడు, లొల్లి... నీ సంగతి కాదు, నువ్వు సదువుకున్నదానివి. జనరల్‌గ చెప్తున్న. ఇదైతె నీకు కష్టం లేకుంట పైసలొస్తయ్. నీ బిడ్డ సదువుకు అయితది."

రెడ్యా గడ్డం గోక్కుంటూ మెల్లగా అడిగాడు. "సంతకానికి ఎంత ఇస్తరు సార్?"

లాలి వాళ్ళ భాషలో ఒకే ఒక్క మాట అంది. రెడ్యా తల దించుకున్నాడు.

అప్పుడు వచ్చింది నాకు. కడుపు అడుగు నుంచి పైకి తన్నుకొచ్చింది. చిన్నమ్మకు దోసిట్లో నీళ్ళు పోసిన కథ విని, చిన్నప్పుడు పళ్ళు కొరికినవాడు మా అన్న. వాళ్ళ బావిలో ఉమ్మొస్తా అని లేచినవాడు. ఆయన నోట ఈ మాటలు ఇంత మెత్తగా, ప్రార్థన చదివినట్టు వస్తున్నాయి. లేచి పెరట్లోకి పరుగెత్తి బట్టలుతికే బండ పక్కన వాంతి చేసుకున్నాను.

వెనకాలే లాలి వచ్చింది. తొట్టిలో నీళ్ళు ముంచి నా చేతుల మీద పోసింది.

"నీకు ముందే ఎరికనా అక్కా?"

"లేదు లాలీ."

"నిజంగ?"

"చిన్నమ్మ మీద ఒట్టు."

ఆమె నా ముఖంలోకి చూసింది. నమ్మినట్టు లేదు. చెంబు తొట్టిలో పెట్టి, పక్క సందు నుంచి రోడ్డు మీదికి వెళ్ళిపోయింది. లోపల కూర్చున్న మొగుణ్ణి కూడా పిలవలేదు.

నేను ముందు గదిలోకి వచ్చేసరికి రెడ్యా కూడా లేడు. లాలి బెంచీ మీద వదిలేసిన మిఠాయి డబ్బా టీపాయ్ మీదికొచ్చింది. వీరబాబు దారం తెంపి మూత తీశాడు. ముగ్గురూ లడ్డూలు తింటున్నారు. అన్న మీసానికి ఒక బూంది పలుకు అంటుకుని ఉంది.

"మంచిగున్నయ్, నేతియి," అన్నాడు పగిడయ్య.

"ఏమైంది చెల్లె, ఎండ దెబ్బనా?" అన్నాడు అన్న నములుతూనే. "ఇగో, నువ్వొక్క సంతకం పెడితె అగ్రిమెంట్ అయిపోతది. లాలి కాకుంటె ఇంకో ఆమెను పట్టుకొస్తడంట వీరబాబు. పేరే కదా కావాలె."

"నేను పెట్ట."

"ఏంది?"

"లాలికి అమ్మితె పెడత. దీనికి పెట్ట." మూత వేద్దామని డబ్బా తీసుకున్నాను. సగం ఖాళీ అయింది. అక్కడే వదిలేసి బస్సెక్కాను.

తర్వాతి రోజులు ఎలా గడిచాయో తలుచుకుంటే ఇప్పటికీ నోరు చేదవుతుంది. లాలి దగ్గర లోపాయికారీగా డబ్బు తిన్నానని అన్న చుట్టాలందరికీ చెప్పాడు. బోనకల్ నుంచి మేనత్త ఫోన్ చేసి, తోడబుట్టినవాని నోటికాడి కూడు చెడగొడతావా అని తిట్టింది. మా ఆయన బెన్నీ ఎవరి జోలికీ పోని మనిషి. ఆయన కూడా, "పెట్టేస్తె పోయేదానికి నీకెందుకే ఈ పంచాది?" అన్నాడు. గుడిలో ఫాదర్ గారు నన్ను ఆపి, కుటుంబ సమాధానం కోసం కొంత త్యాగం చేయాలమ్మా అని చెప్పారు. ఎవరి త్యాగం అని ఆయన చెప్పలేదు. నేనూ అడగలేదు.

శుభ శుక్రవారం నాడు ఎండలో సిలువమార్గం నడిచింది. ముందు అన్న, భుజం మీద కర్ర సిలువ. "ప్రభువు మూడవసారి నేల మీద పడుట," అని ఆయన గొంతు వణుకుతూ పలికింది. అందరూ మోకరిల్లారు. చుట్టూ వంగిన వీపుల మధ్య నేను కొయ్యలాగా నిలబడిపోయాను. ఎప్పుడూ ఏడ్చే చోట నాకు ఏడుపు రాలేదు.

ప్రార్థన ముగిశాక చెట్టు కింద నీళ్ళు తాగుతున్న అన్న దగ్గరికి వెళ్ళాను.

"అన్నా, ఎవరి పేరో పెట్టి పగిడయ్యకు ఇచ్చినవంటె భద్రాచలం పోయి గిరిజనుల ఆఫీసుల దరఖాస్తు ఇస్త. మీ బ్యాంకోళ్ళకు గూడ ఒక కాపీ పంపుత."

ఆయన నీళ్ళు తాగడం ఆపాడు. "ఈ రోజు... ఈ రోజు అంటున్నవా ఈ మాట?"

"ఈ రోజే అంటున్న."

"చెల్లెవా నువ్వు?"

నా మీద నాకే రోత వేసింది. తపస్సుకాలం ముగింపు పూట, సిలువ మోసి దిగిన అన్నను నౌకరీ పేరు చెప్పి బెదిరించాను. కానీ మాట వెనక్కి తీసుకోలేదు. మనసుకు చెబితే ఆయన వినలేదు, ఉద్యోగానికి చెబితే విన్నాడు. ఈస్టరు దాటిన వారానికే, "ఆ లంబాడామెకే రాయి, పీడ పోతది," అని బెన్నీతో కబురు పంపాడు.

నేను తండాకు వెళ్ళాను. వాగులో నీళ్ళు లేవు, చెప్పులతోనే దాటాను. లాలి నన్ను మంచం మీద కూర్చోబెట్టి విషయమంతా వింది.

"మీ అన్న మళ్ళ మాట మారిస్తె?"

"మార్చడు."

"ఎందుకు మార్చడు? మంచోడయ్యిండా?"

"కాలే. భయపడ్డడు."

అప్పుడు నమ్మింది. నమ్మాక చేసిన మొదటి పని, చెద పట్టిన తలుపు పేరు చెప్పి ఇంకాస్త తగ్గించమని అడగడం. ఆ రోజు చాలా రోజులకు నేను నవ్వాను. తగ్గించలేదు.

రిజిస్ట్రేషన్ రోజున అన్న సంతకాలు పెట్టాడు, వేలిముద్రలు వేశాడు, తన సగం తన ఖాతాలో పడిందని ఫోన్లో చూసుకున్నాడు. మాతో ఒక్క మాట మాట్లాడలేదు. గేటు దగ్గర వీరబాబు కాపు కాసి, "ఇల్లు నేనే చూపెట్టిన కదా, నా కమీషను?" అని లాలిని అడిగాడు. "నా పేరు అడిగినవ్, ఇయ్యలే. పైసలిస్తనా?" అని ఆమె నడిచిపోయింది. అన్న మాత్రం ఆయన్ని గోడ పక్కకు తీసుకెళ్ళి ఏదో ముట్టజెప్పడం నేను చూశాను. పగిడయ్య ముచ్చట బయటికి పొక్కకుండా అనుకుంటాను. లాలి వాళ్ళు ఆ వారమే ఇంట్లో దిగారు. పురుళ్ళ గదిని భానుకు చదువుకునే గది చేశారు.

పెంతెకోస్తు ఆదివారం నాటికి మొదటి జల్లు పడింది. గుడి నిండా జనం, తడి చెప్పుల వాసన. పూజ చివర ప్రకటనలు చదవడానికి అన్న మైకు దగ్గరికి వచ్చాడు. చదివాక కాగితం మడిచి జేబులో పెట్టుకుని, ఒక సాక్ష్యం పంచుకుంటానన్నాడు.

"ప్రియమైన సంఘస్తులారా, మా పిన్నమ్మ విశ్రాంతమ్మ గారు గిరిజన ప్రాంతంలో చేసిన సేవ మీకు తెలుసు. ఆమె గృహానికి ఎందరో గొప్పవారు ఎక్కువ వెల ఇస్తామని వచ్చారు. కానీ ప్రభువు నా హృదయాన్ని తట్టాడు. ఆ గృహాన్ని ఒక పేద గిరిజన సోదరికి అప్పగించుటకు మా కుటుంబాన్ని వాడుకున్నాడు. నా చెల్లెలు ఏంజెల్ కూడా ఒక్క మాట అడ్డు చెప్పకుండా సంతకం చేసింది."

ఇన్ని వారాల తర్వాత మొదటిసారి నా వైపు చూశాడు, నవ్వుతూ. ఫాదర్ గారు చప్పట్లు మొదలుపెట్టారు. గుడంతా అందుకుంది. ముందు వరసల వాళ్ళు వెనక్కి తిరిగి నన్ను చూశారు. పక్కన కూర్చున్న ముసలామె నా చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుంది. ఆమె కళ్ళలో నీళ్ళు.

"ఎంత మంచి మనసు బిడ్డా మీ అన్నది! ఇల్లు ఊకెనే ఇచ్చిండా!"

"ఇయ్యలేదమ్మా," అన్నాను. "అమ్మినం. ఆమె కొన్నది. పూర్తి ధర ఇచ్చి కొన్నది."

చప్పట్ల హోరులో ఆమెకు వినబడలేదు. "ఆఁ, అదే బిడ్డా, అదే," అని తల ఊపింది. తను కూడా చప్పట్లు కొట్టాలని, నా చెయ్యి వదిలేసింది.